ఒక్క బొట్టు అడగనన్న కాగితం

మిర్యాలగూడ,
జూన్ 28, 2025.

కోదాడల ఉన్న ఆడబిడ్డ సువర్ణకు,

నా పేరు ఆండాళు. సత్తయ్య భార్యను, ఆయన పోయి ఆరేండ్లు. నా వయసు డెబ్బై రెండు. ఇంట్ల కొడుకు రవి, కోడలు సింధు, మనుమడు నిఖిల్, నేను, నలుగురం ఉంటం. ఇవన్ని నీకు తెలుసు. సత్తయ్య నీకు తోడబుట్టిన అన్న, నీకు నేను చెప్పేదేమున్నది. అయినా రాయిస్తున్న. ఎందుకంటె ఇది సుట్టపు ఉత్తరం కాదు, నా ఫిర్యాదు. రేపు పెద్దమనుషుల ముందల పెడితె ఎవరు ఎవరో వాళ్లకు తెల్వాలె. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటె సింధు రాస్తుంది. ఒక్క మాట మెత్తగ చేసినా ఊకోనని దానికి ముందే చెప్పిన.

ఫోన్ చేస్తె నా గొంతు వినంగనే కట్ చేస్తివి. మూడుసార్లు. నాలుగోసారి మోగనే లేదు. మంచిగయింది. కాగితాన్ని కట్ చెయ్యలేవు గదా.

సంగతి చెప్తున్న. నిఖిల్ ఒంట్ల రక్తం తయారైతలేదు. ఇరవై మూడేండ్ల పోరడు, వరికోత మిషన్ నడిపేటోడు, యాసంగి కోతలల్ల మిషన్ మీదనే కండ్లు తిరిగి కూలవడ్డడు. పండ్ల చిగుర్లెంట నెత్తురు. కాళ్ల మీద మినుములు చల్లినట్టు ఎర్ర మచ్చలు. సూర్యాపేటల పరీక్షలు చేసి హైద్రబాద్ పంపిన్రు. ఆడ నడుము బొక్కల సూది దించి చూసి, మూలుగ ఎండిపోయిందన్నరు. యాటకూరల బొక్క కొట్టి పీల్చుకుంటం చూడు, గదే మూలుగ. మనిషికి నెత్తురు పుట్టేది గాడనేనట. ఇప్పుడు వారం వారం ఎవరిదో నెత్తురు ఎక్కిస్తున్నరు. ఎన్నాళ్లు ఎక్కిస్తరు? "దసరా దాటనియ్యొద్దమ్మా" అన్నడు డాక్టరు. దాటితె ఏమైతదని నేను అడగలే.

ఇంకొకరి మూలకణాలు తెచ్చి పోస్తె పిల్లగాడు బతుకుతడు. రవివి, సింధువి సగం సగమే కలిసినయి. సగంతోని సుత చేస్తరట గని, ఏ దారీ లేనప్పుడట. నావి ముసలివని చూడనే చూడలే. తోడబుట్టినోళ్లయి అయితె నాలుగు పాళ్లల్ల ఒక పాలు మొత్తం కలుస్తయట. వానికి తోడబుట్టింది ఒక్కతే. అది నీ ఇంట్ల ఉన్నది.

పూర్ణిమను సూర్యాపేట పంపు. చెయ్యికి ఇంత నెత్తురు తీసి చూస్తరు. నేను బతిమాలుతున్న అనుకోకు. నీ కొడుకు మహిపాల్‌కు, కోడలు కవితకు పిల్లలు లేరని నువ్వు కొంగు చాస్తె, పుట్టిన ఇరవై ఒకటో నాడు పిల్లను తెచ్చి నీ ఒడిల ఏసింది నేను. మర్చిపోతివా?

ఆండాళు
(ఎడమచేతి బొటనవేలి ముద్ర)


కోదాడ,
జూలై 5.

వదినకు,

నీ ఉత్తరం అందింది. నాకూ చదువు రాదని నీకు తెలుసు. మహిపాల్ మఠంపల్లి నుంచి సిమెంటు లారీ మీద పోయాడు. వాడు వచ్చేదాకా ఆగొచ్చు. ఆగలేదు. పూర్ణిమ చేతనే చదివించాను. కావాలనే. ఈ జవాబు కూడా దాని చేతనే రాయిస్తున్నా. చూడు, ముత్యాల్లాంటి రాత. డిగ్రీ చదువుతుంది. నువ్వు విసిరేసిన పిల్లను మేమెట్లా పెంచామో ఆ అక్షరాలు చూస్తే తెలుస్తుంది. నీకు తెలియకపోయినా నీ కోడలికి తెలుస్తుంది. తెలియనీ.

నా దగ్గరా ఒక కాగితం ఉంది. పద్దెనిమిదేళ్ల కింద మునగాలలో, సూర్యాపేట రోడ్డు మీద, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి నువ్వే నోటితో చెప్పి రాయించావు. పిల్ల ఇప్పుడే బీరువాలోంచి తీసింది. ఉన్నదున్నట్టు దించమన్నాను:

"నేటి నుండి ఆ పిల్లకు మా ఇంటికి సంబంధం లేదు. మా గడపల శవం లేచినా మీ ఇంటికెల్లి ఒక్క బొట్టు నీళ్లు అడగం, ఒక్క బొట్టు నెత్తురు అడగం. అడిగితె నా బొటనవేలు నరుక్కొని పొండి."

కింద నీ ముద్ర. ఎవ్వరూ నీ చెయ్యి పట్టుకుని వేయించలేదు. పెద్దమనిషి బీరన్న, "ఆండాళమ్మా, నెత్తురు మాట ఎందుకమ్మా, తీసెయ్" అన్నాడు. విన్నావా? ఇప్పుడు ఆ బొట్టే అడుగుతున్నావు. మరి వేలు ఎప్పుడు పంపిస్తావు?

పైగా ఆ కాగితం ప్రకారం నిఖిల్ మా పిల్లకు బావ వరస. బావకు మరదలి నెత్తురు కలుస్తుందని ఏ డాక్టరన్నాడు?

మూలకణాలంట. మా వీధిలో జనార్దన్ మాస్టారు ఆ పేరు చెప్తేనే మురిసిపోయి రెండు మోకాళ్లకూ సూదులు పొడిపించుకున్నాడు. కుర్రాడిలా నడుస్తావన్నారు. ఇప్పటికీ గోడ పట్టుకునే స్నానానికి పోతాడు. అట్లాంటి దాని కోసం నా పిల్ల నడుములో గుణపం దింపనిస్తానా? నేను బతికుండగా కాదు.

సువర్ణ వేలిముద్ర
రాసి, చదివి వినిపించినది: పూర్ణిమ


మిర్యాలగూడ,
జూలై 14.

సువర్ణా,

వేలు కావాల్నా? వచ్చి తీస్కపో. కత్తిపీట మా ఇంట్లనే ఉన్నది. పిల్లగాడు లేచి తిరిగినంక తీస్కపో, నేనేం ఏడువ.

నీ ఉత్తరం సింధు చదివింది. చదువుకుంట చదువుకుంట మొదట్లనే ఆగింది. "ఏందే?" అన్న. "రాత మంచిగున్నదత్తా" అన్నది. మల్ల మొదటికెల్లి చదివింది. నీకు కావాల్సింది దొరికింది గదా, కడుపు సల్లబడ్డదా?

జనార్దన్ మాస్టరు మోకాళ్ల సంగతి నేను అడిగిన. సూర్యాపేట దవాఖాన్ల ల్యాబు చూసే సాంసన్ అనే సారు ఉన్నడు. ఓపిక ఉన్న మనిషి. ఆ మోకాళ్ల సూదులు ఇంకా రుజువు కాలేదట, పేరు జెప్పి అమ్ముకునేటోళ్లు మస్తుగున్నరట. కన్ను పైపొర కాలినోళ్లకు, ఒళ్లు కాలినోళ్లకు పనికొస్తయట. నెత్తురు రోగాలకు మాత్రం యాభై అరవై ఏండ్ల సంది చేస్తున్నరు, బతికినోళ్లు బతుకుతున్నరు. అందరు బతకరు. అది సుత చెప్పిండు. నేను దాస్తలేను.

"సారూ, మీరు రోజు ఆ గొట్టంల కన్ను పెట్టి ఏం చూస్తరు, నాకు జర చూపియ్యి" అన్న. నవ్వి, కూసోబెట్టిండు. ముందుగాల సింధు నెత్తురు చుక్క పెట్టిండు. సువర్ణా, నాకు అక్షరం కనపడదు గని అది కనపడ్డది. సంతల జనం లెక్క ఎర్ర కణాలు, ఒకదాన్నొకటి తోసుకుంట. ప్రతిదాని నడుమ బొటనవేలు నొక్కినట్టు గుంట. మన అసొంటోళ్లు ముద్ర ఏసి పోయినట్టే ఉన్నది. ఆ గుంట ఉంటెనే గాలి జల్ది పట్టి జల్ది ఇడుస్తదట, సన్న నాళాలల్ల వంగి పోతదట. గాలి మొయ్యనీకి జాగ సాలదని లోపలి కేంద్రకాన్ని సుత పారేసుకుంటదట. అందుకని అది ఇంకోదాన్ని పుట్టియ్యలేదు. నాలుగు నెలలు మోసి మోసి సస్తది.

తెల్లవాటికి ఒక ఆకారమే లేదు. నాళం గోడల సందులకెల్లి జారి పోయి రోగం పురుగును మింగుతయి. నరం కణం నడుము కాడికెల్లి కాలి బొటనవేలు దాక తీగ లెక్క సాగి ఉంటదట. పేగు కణానికి మీద కుచ్చులుంటయట, తిన్నది గుంజుకోనీకి. ఎవరి పనికి తగ్గ రూపం వాళ్లది. రూపం కుదిరినంక ఇగ అది ఇంకొకటి కాదు.

నేను అన్న, "సారూ, ఇది మా మిల్లు సంగతే గదా" అని. మిర్యాలగూడ మిల్లులల్ల ముప్ఫై ఏండ్లు చెరిగిన చేతులియి. బియ్యం తెల్లగ, నున్నగ ఉంటది, వండుకోనీకి దానంత మంచిది లేదు. మడిల చల్లితె మొలుస్తదా? మొలక ముక్కు తవుడుల కొట్టుకపాయె. మొలవాలంటె విత్తనపు వడ్లే కావాలె. ఆయన బల్ల మీద చెయ్యి కొట్టి, "అమ్మా, మూలకణాలంటె ఒంట్ల దాసిన విత్తనపు వడ్లు. మూలుగ అవి నిలవుండే గుమ్మి. గాడికెల్లి వచ్చినయే ఎర్రయి, తెల్లయి, నెత్తురు గడ్డకట్టిచ్చేటియి, అన్ని" అన్నడు.

తర్వాత నిఖిల్ చుక్క పెట్టిండు. సంత లేచిపోయిన మైదానం. గాడొకటి, గీడొకటి.

వాని గుమ్మిల విత్తనం లేదు. మంది బియ్యం ఎన్ని బస్తాలు తెచ్చి పోసినా తిని కూసునుడే. అర్థమైతుందా నీకు?

గుణపం లేదు, ఏం లేదు. నాలుగైదు రోజులు సూదులిస్తె విత్తనం మూలుగకెల్లి నెత్తుర్లకు పొంగి వస్తది. చెయ్యికి గొట్టం పెట్టి మిషన్ల తిప్పి, విత్తనం తీసుకొని మిగిలింది మల్ల పిల్లకే ఎక్కిస్తరు. ఆ రోజులల్ల ఒళ్లు నొప్పులుంటయి. కొన్ని వారాలకు దాని గుమ్మి మల్ల నిండుతది. బావ వరస అంటివి. ల్యాబుల మునగాల కాగితం చదవరు. చుక్కనే చదువుతరు.

ఆండాళు
(ఎడమచేతి బొటనవేలి ముద్ర)


కోదాడ,
జూలై 25.

వదినా,

విత్తనం, గుమ్మి, మిల్లు. బాగా చెప్పావు. చెప్పడంలో నీకు సాటి ఎవరు? మా అన్న పాపం ఆ నోటికే నలభై ఏళ్లు దడిచి బతికాడు.

అన్నీ చెప్పావు, ఒకటి మింగావు. పూర్ణిమ ఎడమ కనుబొమ్మ మీది గాటు. రెండేళ్ల పిల్ల. ఇచ్చిన పిల్లను తిరిగి తీసుకుపోతానని నువ్వు ఆటో దిగి, చెప్పులు కూడా విడవకుండా లోపలికొచ్చి, కవిత చంకలోంచి గుంజావు. గడప అంచు తగిలి ఐదు కుట్లు పడ్డాయి. ఆ గొడవకే కదా మునగాల పంచాయితీ, ఆ కాగితం! ఒక్క బొట్టు అడగనన్నావే, ఆ రోజు మా గడప మీద ఎన్ని బొట్లు పడ్డాయో లెక్కపెట్టావా? ఇన్నేళ్లూ పిల్లకు "ఆడుకుంటూ పడ్డావు" అని చెప్పాను. నిజం ఇవాళ దాని చేతనే రాయిస్తున్నా. రాస్తోంది. తల ఎత్తడం లేదు.

మిషన్లంటే నాకు భయం లేదు. నువ్వంటే భయం. ఇవాళ నెత్తురిస్తే రేపు, "నా మనవరాలి నెత్తురు నా మనవడిలో ఉంది, ఇద్దరూ మా ఇంటివాళ్లే" అని ఆటో కట్టించుకుని రావూ? ఒకసారి ఇచ్చి గుంజుకోవడానికి వచ్చినదానివి. పిల్ల పోతే కవిత బతకదు. నేనూ బతకను. ఈ మాట రాయొద్దని చెప్పా, రాసేసినట్టుంది.

పంపను. ఇదే ఆఖరు.

సువర్ణ వేలిముద్ర
రాసి, చదివి వినిపించినది: పూర్ణిమ

సింధు అత్తా, ముద్ర కింద రాస్తున్న ఇది నానమ్మకు చదవలేదు. నాకు ఇరవై నిండాయి. సంతకం నాదే చెల్లుతుందని, ఆస్పత్రికి ఫోన్ చేస్తే సాంసన్ గారు చెప్పారు. ఆగస్టు నాలుగు, సోమవారం కాలేజీకని బయల్దేరి సూర్యాపేట వస్తాను. పరీక్ష కలిస్తే మిగతాది తర్వాత చూద్దాం. నానమ్మకు తెలియనివ్వకండి. మీరు నా రాత చూసి ఏమనుకున్నారో పోయిన ఉత్తరంలో చదివాను. పూర్ణిమ.


మిర్యాలగూడ,
ఆగస్టు 1.

సువర్ణకు, దాని ముందల కూసొని ఇది చదివే పూర్ణిమకు,

పూర్ణిమా, గట్టిగ చదువు. ఒక్క ముక్క మింగినా మహిపాల్‌తోని మల్ల చదివిపిస్తది మీ నానమ్మ. చదువు.

సువర్ణా, నీ మనుమరాలు నీ వేలిముద్ర కింద నీకు వినిపియ్యని మాటలు రాసింది. నీకు చెప్పకుండ సోమవారం సూర్యాపేట వచ్చి నెత్తురిస్తనన్నది. సింధు ఆ ముక్క నాకు చదవకుండ దాసుకుందామని చూసింది. కాగితం అయిపోయినంక సుత దాని కండ్లు కిందనే ఉన్నయి, నేను పట్టిన. నాకు అక్షరం రాదు గని కండ్లు చదువొస్తది.

ఊకుంటె అయిపోవు. పిల్ల వచ్చేది, పరీక్ష అయ్యేది, నీకు తెలిసేటాల్లకు వాడు లేచి కూసునేటోడు. రాత్రి పగలు గదే ఆలోచన చేసిన. నా మనుమని మొఖం చూస్తె ఊకుండబుద్ధైంది, అబద్ధం ఎందుకు.

గని నువ్వు, నేను అక్షరం రానోళ్లం. మనకున్నది ఒక్కటే, చదివి వినిపిచ్చేటోళ్ల మీద నమ్మకం. అది పోతె నీ వేలు, నా వేలు కట్టెపుల్లలే. ఇయ్యాల నీ మనుమరాలు నీకు ఒకటి చదివి ఇంకొకటి రాసింది. రేపు నా కోడలు నాకు గట్లనే చేస్తది. నా దుష్మన్‌వు నువ్వు, నీకు ఏ మంచీ కోరుకోను. అయినా నీ చెవులను మోసం చేసిన విత్తనం నా ఇంట్ల మొలవొద్దు. సాంసన్ సారుకు నేనే చెప్పిన, నువ్వు తోలుకొస్తె తప్ప పిల్ల చెయ్యి ముట్టొద్దని. ఆయన "అమ్మా, పిల్ల ఇష్టం చాలు" అన్నడు. "నాకు సాలదు" అన్న. రవి నా మీదికి లేచిండు. "కొడుకును సంపుతున్నవే అవ్వా" అన్నడు. అననీ.

గాటు సంగతి. గుంజింది నేనే. కవిత పిల్లకు నొస్తదని పట్టు ఇడిసింది. నేను గుంజే ఊపుల ఉన్న, ఆపలేకపోయిన. అందుకే గడప తగిలింది. మునగాలల ఈ మాట నేను చెప్పలే, నువ్వు అడిగినా.

ఇంకొకటి నీకు సుత తెల్వదు. ఇరవై ఒకటో నాడు పిల్లను నీకు తెచ్చిచ్చేటప్పుడు నేను సింధును అడగలే. పచ్చి బాలింత, పండుకున్నది. లేచేటాల్లకు పక్కల పిల్ల లేదు. నా ఇల్లు, నా మాట అనుకున్న. రెండేండ్లు అది కంచం ముందల కూసొని లేచిపోయేది. నేను తిరిగి గుంజుకుందామని వచ్చింది గందుకే. ఇచ్చుడు నా తప్పు, గుంజుడు నా తప్పు. నువ్వు రెండోదే చూసినవు.

ఈ మాట రాసేటప్పుడు సింధు కలం ఆగింది. "రాయి" అన్న. రాసింది.

మాఫీ అడుగుతలేను. నీ ఇష్టం.

ఆండాళు
(ఎడమచేతి బొటనవేలి ముద్ర)


కోదాడ,
ఆగస్టు 6.

వదినా,

రెండుసార్లు చదివించా. రెండోసారి మహిపాల్ చేత. మాట మారలేదు, పిల్ల ఏదీ మింగలేదు. దాని చెంప మీద ఒకటి వేశాను. తర్వాత నేనే ఏడ్చాను. కవిత నాతో రెండు రోజులు మాట్లాడలేదు, "నన్నడిగావా అత్తా?" అంటుంది. ఇంట్లో అందరూ అడగడమే నేర్చుకున్నారు.

నీ మీద కోపం ఆవగింజంత కూడా తగ్గలేదు.

పద్నాలుగో తారీఖు గురువారం పొద్దున బస్సుకు సూర్యాపేట వస్తున్నాం. నేను, కవిత, పిల్ల. పాత కాగితం తెస్తాను. నువ్వు వేలు తీసుకురా. నాతో మాట్లాడకు.

సువర్ణ వేలిముద్ర
రాసి, మొత్తం చదివి వినిపించినది: పూర్ణిమ


సూర్యాపేట, దవాఖాన,
డిసెంబర్ 18.

ఎదురు బెంచి మీద మొఖం తిప్పుకొని కూసున్న ఆడబిడ్డ సువర్ణకు,

మాట్లాడొద్దంటివి, మాట్లాడలే. ఆగస్టుల ఇదే బెంచి మీద మాట్లాడలే. మొత్తం కలిసిందని చెప్పిన నాడు కవిత, సింధు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటె, నువ్వు కిటికీల కెల్లి చూసినవు, నేను చెప్పులు చూసుకున్న. హైద్రబాద్‌ల పిల్ల నాలుగు గంటలు మిషన్ కాడ పండుకుంటె తలుపుకు ఒక దిక్కు నువ్వు, ఒక దిక్కు నేను. నర్సు "అమ్మలిద్దరు అక్కచెల్లెండ్లా?" అని అడిగితె ఇద్దరం ఒక్కసారే "కాదు" అన్నం. పద్దెనిమిదేండ్ల సంది మన నోట్లెకెల్లి ఒక్కతీరు వచ్చిన మాట గదొక్కటే.

దసరాకు పది రోజుల ముందు పోసిన్రు. చిన్న సంచిల, పలుచటి ఎరుపు. గింతేనా అనుకున్న. విత్తనం ఎన్నడన్న కుప్ప కనపడ్డదా? మూడు వారాలకు మొలక కనపడ్డదన్నరు. జ్వరం వచ్చింది, ఒళ్లంత దద్దు వచ్చింది, పిల్ల విత్తనం కొత్త మడిని కొట్లాడుతుందన్నరు. తగ్గింది. ఇంకా మందులున్నయి, మూతికి గుడ్డ ఉన్నది, గండం దాటిందని ఇంకా ఎవరంటలేరు. అయినా ఎవరి నెత్తురు ఎక్కియ్యక నెల దాటింది. ఇయ్యాల పొద్దుగాల సాంసన్ సారు నిఖిల్ చుక్క పెట్టి నన్ను పిలిసిండు. సంత కూడుతుంది, సువర్ణా. ప్రతిదాని నడుమ బొటనవేలి గుంట.

పాత కాగితం నువ్వు చింపలే, నా చేతికియ్యలే, వేలు నరకలే. "కొత్తది రాయించమను" అని కవితతోని చెప్పిచ్చినవు. రాయిస్తున్న. ఇప్పుడు ఎవరు ఎవరికి చెందుతరో తెల్వాలె గదా.

పూర్ణిమ మహిపాల్, కవితల పిల్ల. దాన్ని మా పిల్ల అని నేను ఏ పంచాయితీల అడగ. సింధు సుత అడగనని తనే రాస్తుంది. నేను రాయమనలే, ఈసారి అడిగిన.

నిఖిల్ సంగతి. పాత నెత్తురు గుంపు పోయి పూర్ణిమ గుంపు వస్తుందట. ఇగ ల్యాబుల వాని చుక్క చూసినోళ్లు ఇది ఆడపిల్ల నెత్తురంటరట. వాని గుమ్మిల ఉన్నది మీ ఇంటి విత్తనం. రేపు నువ్వు ఆటో కట్టించుకొని వచ్చి, "వీడు మా ఇంటోడు" అని చెయ్యి పట్టి గుంజితె, నేను రెండో చెయ్యి పట్టుకొని గుంజ. ఇది నా మాట.

నిన్ను మాత్రం మాఫ్ చెయ్య. నువ్వు సుత చెయ్యకు. ఈ కొట్లాట నీది, నాది, ఇద్దరం పోయిన్నాడు ఖతం. పిల్లలకు రాసిచ్చుడు లేదు.

ఇది విన్నంక నీకు ఇష్టమైతె నీ వేలు పక్కకు పెట్టు. లేకుంటె అట్లనే మొఖం తిప్పుకొని కూసో, బస్సుకు ఇంకా యాళ్లున్నది.

ఆండాళు
(ఎడమచేతి బొటనవేలి ముద్ర)

సువర్ణ
(ఎడమచేతి బొటనవేలి ముద్ర)

సాక్షులు:
సింధు, కన్నది
కవిత, పెంచింది

ఇద్దరికీ ఒక్క ముక్క మింగకుండా చదివి వినిపించినది: పూర్ణిమ